బేసల్ రొమ్ము కణితిని నడిపించే నియంత్రకాల కోసం: ఒక జన్యు నెట్‌వర్క్ కేస్ స్టడీ

మా గ్రూపుకు ఈ ప్రశ్న ఒక మెడికల్ ఆంకాలజిస్ట్ దగ్గర నుంచి వచ్చింది. బేసల్ రకం రొమ్ము కణితిని బేసల్‌గా నిలబెడుతున్న ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే ఇతర జన్యువులను పెంచే, తగ్గించే ప్రోటీన్లు, ఏవి? ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్న కణితులకు ఆవిడ చేతిలో టామోక్సిఫెన్ ఉంది, అరోమటేజ్ ఇన్‌హిబిటర్లు ఉన్నాయి, ఫుల్వెస్ట్రాంట్ ఉంది. ఇవన్నీ ఒకే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ చుట్టూ పుట్టిన మందులు. బేసల్ కణితుల్లో చాలావరకు ట్రిపుల్ నెగటివ్: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్లు ఉండవు, కణాన్ని పెరగమని చెప్పే హెర్2 ప్రోటీన్ ఎక్కువగా ఉండదు. కీమోథెరపీ, కొందరికి ఇమ్యునోథెరపీ, బ్రాకా జన్యువుల్లో లోపం ఉన్నవాళ్లకు పార్ప్ ఇన్‌హిబిటర్లు. అంతకు మించి దారులు తక్కువ.

గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం భారతదేశంలో ఏడాదికి సుమారు 1,92,000 కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు, 98,000 మరణాలు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ట్రిపుల్ నెగటివ్ వాటా ఎక్కువని పలు ఆసుపత్రుల లెక్కలు చూపిస్తున్నాయి. రోగుల వయసు కూడా ఇక్కడ తక్కువే. అందుకే ఈ ప్రశ్నను నేను చాలా సీరియస్‌గా తీసుకున్నాను. పని ఎలా సాగిందో, ఏ జన్యువును ఎందుకు జాబితాలో ఉంచామో, దేన్ని ఎందుకు పక్కన పెట్టామో పూర్తిగా రాస్తున్నాను. ఇలాంటి విశ్లేషణ మొదలుపెట్టబోయే విద్యార్థులకు పనికొస్తుందని నా ఆశ.

ముందు డేటా

రొమ్ము క్యాన్సర్ ఒకే జబ్బు కాదని జన్యు వ్యక్తీకరణ (ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందన్న కొలత) ఆధారంగా స్పష్టంగా చూపించింది 2000లో స్టాన్‌ఫర్డ్‌ నుంచి వచ్చిన చార్ల్స్ పెరూ బృందం పేపరు. 42 మంది నుంచి తీసిన 65 నమూనాలే దానికి ఆధారం. లూమినల్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్న రకం), బేసల్, హెర్2 అనే పేర్లు అప్పటి నుంచే వాడుకలోకి వచ్చాయి. తర్వాత 50 జన్యువులతో రకం తేల్చే పామ్50 పద్ధతి వచ్చింది. మేము కణితుల రకాన్ని దాని ప్రకారమే తీసుకున్నాం.

నెట్‌వర్క్, అంటే ఏ జన్యువు దేనితో ముడిపడి ఉందో గీతలతో చూపే పటం, కట్టడానికి రెండు పెద్ద సేకరణలు వాడాం. ఒకటి అమెరికాలోని క్యాన్సర్ జీనోమ్ అట్లాస్, అంటే టీసీజీఏ. అందులో దాదాపు 1,100 ప్రాథమిక రొమ్ము కణితుల ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ ఉంది. రెండోది బ్రిటన్, కెనడా కలిసి చేసిన మెటాబ్రిక్. అందులో మైక్రోఅర్రే మీద కొలిచిన సుమారు 2,000 కణితులున్నాయి. 2012 పేపరులోనే వాటిని 997, 995గా రెండు భాగాలు చేశారు. కొలిచే యంత్రం వేరు, దేశం వేరు, నమూనాలు నిల్వ చేసిన తీరు వేరు. ఇన్ని తేడాల మధ్య కూడా ఒకే నియంత్రకం రెండు చోట్లా కనిపిస్తే దాన్ని నమ్మడానికి ఒక కారణం దొరుకుతుంది. ఒక్క సేకరణతో కట్టిన నెట్‌వర్క్‌ను నేను ఎప్పుడూ ఫలితంగా చెప్పను.

టీసీజీఏలో కణితి పక్కన తీసిన సాధారణ కణజాలం నమూనాలు 113 ఉన్నాయి. వాటిని నెట్‌వర్క్‌లో కలపలేదు. చాలామంది కలుపుతారు. సాధారణ రొమ్ము కణజాలంలో కొవ్వు కణాలు ఎక్కువ, కణితిలో తక్కువ. రెండూ కలిపి సంబంధాలు లెక్కేస్తే, కొవ్వు కణాల్లో ఉండే ప్రతి జన్యువూ కణితిలో పెరిగే ప్రతి జన్యువుకు వ్యతిరేకంగా కనిపిస్తుంది. వేల కొద్దీ బలమైన గీతలు వస్తాయి, కానీ అవి చెప్పేది నమూనాలో కొవ్వు ఎంత ఉందన్నదే.

హబ్ జన్యువుల గురించి ఒక మాట

రొమ్ము క్యాన్సర్ మీద వందలాది పేపర్లు ఒకే వరుసలో నడుస్తాయి. కణితికీ సాధారణ కణజాలానికీ తేడా ఉన్న జన్యువులు తీస్తారు, ప్రోటీన్ల మధ్య సంబంధాలు చూపే స్ట్రింగ్ డేటాబేస్‌లో వేస్తారు, నెట్‌వర్క్ బొమ్మ గీసే సైటోస్కేప్‌లో తెరుస్తారు, ఎక్కువ గీతలున్న పది జన్యువులను హబ్‌లుగా ప్రకటిస్తారు. సీడీకే1, సీసీఎన్‌బీ1, టాప్2ఏ, బబ్1, ఆరోరా కైనేజ్. జబ్బు రొమ్ముది అయినా, కాలేయానిది అయినా, ఊపిరితిత్తులది అయినా దాదాపు ఇవే పేర్లు వస్తాయి.

దీనికి కారణాలు రెండు. కణ విభజనలో పాల్గొనే ప్రోటీన్లు నిజంగానే పెద్ద సమూహాలుగా ఒకదానినొకటి పట్టుకుని పనిచేస్తాయి కాబట్టి వాటి మధ్య గీతలు ఎక్కువ. పైగా స్ట్రింగ్ ఇచ్చే స్కోరులో పరిశోధన పత్రాల్లో కలిసి కనిపించిన పేర్లకు కూడా వాటా ఉంది. ఎక్కువమంది చదివిన జన్యువుకు ఎక్కువ గీతలు వస్తాయి. సీడీకే1 కణితిలో పెరిగిందంటే కణాలు విభజన చెందుతున్నాయని అర్థం. కణితి ఎందుకు బేసల్ అయిందో అది చెప్పదు. మంచి బుర్ర, కష్టపడే తత్వం ఉన్న విద్యార్థులు ఏడాది పాటు పనిచేసి ఈ జాబితా దగ్గరే ఆగిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. గీతలు ఎక్కువ ఉండటం వేరు, నియంత్రించడం వేరు.

కలిసి పెరిగే, తగ్గే జన్యువులను గుంపులు చేసే కో-ఎక్స్‌ప్రెషన్ నెట్‌వర్క్ కూడా మేము కట్టాం. 2008లో లాంగ్‌ఫెల్డర్, హోర్వత్ విడుదల చేసిన డబ్ల్యూజీసీఎన్ఏ ప్యాకేజీతో, సైన్డ్ పద్ధతిలో. నియంత్రకాలను అందులో వెతకలేదు. ఏయే శక్తులు ఈ డేటాను అటూ ఇటూ లాగుతున్నాయో చూడటానికి మాత్రమే వాడాం. ఆశించినట్టే పెద్ద మాడ్యూళ్లు, అంటే జన్యువుల గుంపులు, వచ్చాయి: ఈస్ట్రోజెన్ రిసెప్టర్ చుట్టూ ఒకటి, కణ విభజనది ఒకటి, రోగనిరోధక కణాలది ఒకటి, ఫైబ్రోబ్లాస్టులతో కూడిన స్ట్రోమాది ఒకటి. ఇవి కాక ఒకే క్రోమోజోమ్ భాగంలోని జన్యువులతో నిండిన చిన్న మాడ్యూళ్లు కొన్ని. తర్వాత వచ్చే ప్రతి ఫలితాన్నీ ఈ పటం పక్కన పెట్టి చూశాం.

నియంత్రకాన్ని వెతికే పద్ధతి

అసలు పనికి అరాక్నీ వాడాం. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో ఆండ్రియా కాలిఫానో బృందం బి కణాల మీద 2005లో వాడి చూపించిన పద్ధతి ఇది. ఇందులో గీత ఎప్పుడూ ఒక ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ నుంచే మొదలవుతుంది. మనిషిలో అలాంటివి 1,639 ఉన్నాయని 2018లో వచ్చిన ల్యాంబర్ట్ బృందం జాబితా చెబుతుంది. దాన్నే తీసుకున్నాం. సీడీకే1 లాంటివి నియంత్రకంగా వచ్చే అవకాశం ఇక్కడే ఆగిపోతుంది.

ఒక్కో ఫ్యాక్టర్‌కూ ఒక్కో జన్యువుకూ మధ్య మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ లెక్కిస్తారు. అంటే ఫ్యాక్టర్ స్థాయి తెలిస్తే ఆ జన్యువు స్థాయి గురించి మనకున్న అనిశ్చితి ఎంత తగ్గుతుందన్నది. సంబంధం సరళరేఖలో లేకపోయినా ఇది పట్టుకుంటుంది. ఆ తర్వాతి మెట్టు ఈ పద్ధతికి ప్రాణం. మూడు జన్యువులు ఒకదానికొకటి ముడిపడి త్రికోణంగా ఉంటే, అందులో అతి బలహీనమైన గీతను తీసేస్తారు. ఊళ్లో ఒక కబురు రాములమ్మ నుంచి సీతమ్మకు, సీతమ్మ నుంచి లక్ష్మమ్మకు చేరితే, రాములమ్మకూ లక్ష్మమ్మకూ ఒకే కబురు తెలిసి ఉంటుంది కానీ వాళ్లిద్దరూ మాట్లాడుకున్నట్టు కాదు. ఆ మూడో గీతే పోయేది. నమూనాలను మార్చి మార్చి తీసుకుంటూ ఇదే లెక్కను వంద సార్లు నడిపి, పదేపదే నిలబడిన గీతలనే ఉంచాం.

దీని చివర ఒక్కో ఫ్యాక్టర్‌కు ఒక జన్యువుల గుంపు మిగులుతుంది. దాన్ని రెగ్యులాన్ అంటారు. ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అన్న గుర్తు కూడా దానికి ఉంటుంది. 25 కంటే తక్కువ జన్యువులున్న రెగ్యులాన్లను వదిలేశాం. తర్వాత బేసల్ కణితులకూ లూమినల్ కణితులకూ తేడా ఉన్న జన్యువుల వరుసను తీసి, ఏ ఫ్యాక్టర్ రెగ్యులాన్ ఆ వరుసకు ఒక కొసన గుమిగూడిందో చూశాం. దీన్నే మాస్టర్ రెగ్యులేటర్ విశ్లేషణ అంటున్నారు. ఒక్కో కణితిలో ఒక్కో ఫ్యాక్టర్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే స్కోరు కోసం, 2016లో అదే కొలంబియా బృందం ఇచ్చిన వైపర్ వాడాం.

ఫ్యాక్టర్ సొంత స్థాయిని చూడకుండా దాని రెగ్యులాన్‌ను చూడటం ఎందుకని ఆంకాలజిస్టులు తరచూ అడుగుతారు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జన్యువైన ఈఎస్‌ఆర్1 దీనికి మంచి సమాధానం. అరోమటేజ్ ఇన్‌హిబిటర్లు వాడిన కొందరిలో, జబ్బు పాకిన తర్వాత, ఈ జన్యువులో వై537ఎస్, డీ538జీ లాంటి మ్యుటేషన్లు వస్తాయి. రిసెప్టర్ పరిమాణం పెరగనక్కర్లేదు. ఈస్ట్రోజెన్ లేకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. ఆ సంగతిని కింద ఉన్న జన్యువులు బయటపెడతాయి.

నెట్‌వర్క్ పద్ధతుల మీద నాకు నమ్మకం ఉంది, కానీ దానికి హద్దు కూడా ఉంది. డ్రీమ్5 పోటీలో 30కి పైగా పద్ధతులను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. ఈ.కోలై బ్యాక్టీరియాలో పద్ధతులు ఓ మాదిరిగా నిలబడ్డాయి. ఈస్ట్‌లో చాలా తక్కువగా. పద్ధతులన్నిటినీ కలిపి తీసిన ఫలితమే ఎక్కువ చోట్ల స్థిరంగా ఉంది. మనిషి కణం ఈస్ట్ కంటే చిక్కుగా ఉంటుంది. కాబట్టి ఒక్కో గీతను విడిగా చూసి “ఇది దీన్ని నియంత్రిస్తుంది” అని నేను అనను. రెగ్యులాన్ అంతా కలిసి ఒక దిక్కుకు కదిలినప్పుడే మాట్లాడతాను.

మొదటి జాబితా, దానిలోని నీడలు

బేసల్‌కు వ్యతిరేక కొసన, అంటే లూమినల్ వైపు, ఈఎస్‌ఆర్1, ఫాక్స్‌ఏ1, గాటా3, ఎస్‌పీడెఫ్ వచ్చాయి. ఇవి రాకపోతే విశ్లేషణలో ఎక్కడో లోపం ఉన్నట్టే. ఫాక్స్‌ఏ1 లేకపోతే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ డీఎన్ఏ మీద కూర్చోవడమే కష్టమని కేంబ్రిడ్జ్‌లో జేసన్ క్యారల్ బృందం 2011లో చూపించింది. మొత్తం రొమ్ము కణితుల్లో పది శాతానికి పైగా కేసుల్లో మ్యుటేషన్ ఉన్న జన్యువులు మూడే అని టీసీజీఏ 2012 పేపరు చెప్పింది: టీపీ53, పీఐకే3సీఏ, గాటా3. ఈ పేర్లు రావడం మాకు పద్ధతి పనిచేస్తోందనే రుజువు మాత్రమే.

బేసల్ వైపు పైన నిలిచినవి ఫాక్స్‌ఎమ్1, ఎమ్‌వైబీఎల్2, ఈ2ఎఫ్1, ఫాక్స్‌సీ1, సాక్స్10, బీసీఎల్11ఏ, ఈఎన్1. వీటికి తోడు రోగనిరోధక కణాల ఫ్యాక్టర్లు కొన్ని. ఇక్కడే జాబితా ముగించి ఉంటే పేపరు తొందరగా వచ్చేది. ఎక్కువ సమయం, ఎక్కువ ఆలోచన పెట్టింది ఈ దశ తర్వాతే.

మొదటి సమస్య కణ విభజన. 2011లో డేవిడ్ వెనె, వాన్సాన్ డెటూర్ బృందం ఒక ముఖ్యమైన విశ్లేషణ చేసింది. యాదృచ్ఛికంగా ఎంచిన వందకు పైగా జన్యువుల జాబితాల్లో 90 శాతానికి మించి రొమ్ము క్యాన్సర్ రోగుల భవిష్యత్తుతో గణాంకపరంగా ముడిపడ్డాయని వాళ్లు చూపించారు. భోజనం తర్వాత నవ్వడం వల్ల మారే జన్యువుల జాబితా కూడా అందులో ముడిపడింది. జీనోమ్‌లో అంత పెద్ద భాగం కణ విభజనతో కలిసి కదులుతుంది. ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ఆ పేపరు మొదట చదవాలని నేను గట్టిగా చెబుతాను.

విభజన స్కోరును లెక్కలోంచి రిగ్రెషన్‌తో తీసేయడం ఒక మార్గం. నాకు అది నచ్చదు. తీసేసేటప్పుడు దానితో పాటు అసలు జీవశాస్త్రం కూడా కొంత పోతుంది. మేము ఇంకో దారి పట్టాం: వేగంగా విభజన చెందే లూమినల్ బీ కణితులను ఎంచి, దాదాపు అదే విభజన స్కోరున్న బేసల్ కణితులతో జత కట్టాం. జతలు కట్టాక ఫాక్స్‌ఎమ్1, ఎమ్‌వైబీఎల్2, ఈ2ఎఫ్1 కిందికి జారిపోయాయి. ఫాక్స్‌సీ1, సాక్స్10, బీసీఎల్11ఏ పైనే ఉన్నాయి. దీన్నిబట్టి ఫాక్స్‌ఎమ్1 ముఖ్యం కాదని అనుకోకూడదు. టీసీజీఏ పేపరే బేసల్ కణితుల్లో దాని చురుకుదనాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. అయితే అది కణితి ఎంత వేగంగా పెరుగుతోందో చెబుతుంది, ఏ రకమో చెప్పదు. మా ప్రశ్న రకం గురించి. ప్రశ్న లూమినల్ ఏ, లూమినల్ బీల మధ్య తేడా గురించి అయి ఉంటే ఇలా జతలు కట్టడం తప్పయ్యేది. ఎందుకంటే ఆ రెండింటినీ వేరుచేసేదే చాలావరకు విభజన వేగం.

రెండో సమస్య క్రోమోజోమ్ కాపీల సంఖ్య. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. హెర్2 జన్యువు 17వ క్రోమోజోమ్ పొడవు చేతి మీద (క్రోమోజోమ్‌కున్న రెండు భాగాల్లో పొడవైన దాని మీద) ఉంటుంది. హెర్2 కణితుల్లో ఆ ప్రాంతమంతా పలు కాపీలుగా పెరుగుతుంది. పక్కనే ఉన్న జీఆర్‌బీ7, స్టార్డ్3 కూడా హెర్2తో పాటు పెరుగుతాయి. ఐకేజెడ్‌ఎఫ్3 అనే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ కూడా దగ్గర్లోనే ఉంది. అరాక్నీకి చిరునామాలు తెలియవు. ఐకేజెడ్‌ఎఫ్3 పెరిగినప్పుడల్లా జీఆర్‌బీ7 పెరుగుతోంది కాబట్టి గీత గీస్తుంది. అక్కడ నియంత్రణ ఏమీ లేదు, రెండూ ఒకే డీఎన్ఏ ముక్క మీద ఉన్నాయి, అంతే.

అందుకని ప్రతి రెగ్యులాన్‌కు ఒక పరీక్ష పెట్టాం. అందులోని జన్యువులు ఏయే క్రోమోజోమ్ చేతుల మీద ఉన్నాయి? ఫ్యాక్టర్ ఉన్న చేతి మీదే ఎక్కువ భాగం ఉంటే ఆ రెగ్యులాన్‌ను అనుమానించాం. అదే చేతి మీదున్న జన్యువులను తీసేసి విశ్లేషణ మళ్లీ నడిపాం. నిజమైన నియంత్రకం అలా తీసేసినా నిలబడుతుంది. ఒకటవ క్రోమోజోమ్ పొడవు చేయి, 8వ దాని పొడవు చేయి రొమ్ము కణితుల్లో తరచుగా అదనపు కాపీలతో ఉంటాయి కాబట్టి అక్కడి ఫ్యాక్టర్లన్నిటినీ ప్రత్యేకంగా చూడాల్సి వచ్చింది. ఎమ్‌వైబీఎల్2 ఉన్న 20వ క్రోమోజోమ్ పొడవు చేయి కూడా అంతే.

మూడోది నమూనాలో ఉన్న ఇతర కణాలు. కణితి ముక్క అంటే క్యాన్సర్ కణాలు మాత్రమే కాదు. లింఫోసైట్లు ఎక్కువగా చొరబడిన కణితిలో వాటి ఫ్యాక్టర్లు, వాటి జన్యువులు అన్నీ కలిసి పెరుగుతాయి. గీతలు చక్కగా, బలంగా వస్తాయి. బేసల్ కణితుల్లో లింఫోసైట్లు ఎక్కువగా ఉండటం మామూలే కాబట్టి ఐకేజెడ్‌ఎఫ్1 లాంటివి బేసల్ నియంత్రకాల్లా కనిపిస్తాయి. దీన్ని తేల్చడానికి సింగిల్ సెల్ డేటా వాడాం. సిడ్నీలోని గార్వన్ ఇన్‌స్టిట్యూట్ బృందం 2021లో 26 ప్రాథమిక రొమ్ము కణితుల నుంచి 1,30,000కు పైగా కణాలను విడివిడిగా చదివి అందరికీ అందుబాటులో పెట్టింది. ఫ్యాక్టరూ, దాని రెగ్యులాన్‌లో ముఖ్యమైన జన్యువులూ క్యాన్సర్ ఎపిథీలియల్ కణంలోనే వ్యక్తమవుతున్నాయా? లేదంటే జాబితాలోంచి తీసేశాం. రోగనిరోధక ఫ్యాక్టర్లన్నీ ఇలాగే పోయాయి. చికిత్సకు అవి ముఖ్యం కావచ్చు, కానీ మా ప్రశ్నకు సమాధానం కాదు.

నాలుగోది రకాలన్నిటినీ కలిపి కట్టడంలో ఉన్న చిక్కు. లూమినల్, బేసల్ కలిపి లెక్కేస్తే లూమినల్ ఫ్యాక్టర్ ప్రతిదానికీ లూమినల్ జన్యువు ప్రతిదానితో సంబంధం వస్తుంది. ఎవరు ఎవరిని నడుపుతున్నారో విడదీయడానికి త్రికోణం నియమం ఒక్కటే చాలదు. కాబట్టి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ కణితులతో మాత్రమే ఇంకో నెట్‌వర్క్ కట్టి, ఏ గీతలు అక్కడా మిగిలాయో చూశాం. బేసల్ కణితులతో మాత్రమే కట్టడం అంత తేలిక కాదు. టీసీజీఏలో పామ్50 బేసల్ కేసులు రెండు వందలకు కాస్త తక్కువ. అరాక్నీకి కనీసం వంద నమూనాలు ఉండాలని అంటారు కాబట్టి నడుస్తుంది, కానీ చిన్న రెగ్యులాన్లు చెదిరిపోతాయి. బేసల్ లోపలి నెట్‌వర్క్‌ను మేము సరిచూసుకునే సాక్ష్యంగా వాడాం, కొత్త పేర్లు తీయడానికి వాడలేదు.

ఇవన్నీ దాటాక షాడో విశ్లేషణ చేశాం. రెండు ఫ్యాక్టర్ల రెగ్యులాన్లలో ఎక్కువ జన్యువులు ఉమ్మడిగా ఉంటే, ఆ ఉమ్మడి జన్యువులను తీసేశాక కూడా ఎవరి బలం మిగులుతుంది అన్నది ఇందులో ప్రశ్న. మెటాబ్రిక్ రెండు భాగాల్లోనూ, టీసీజీఏలోనూ నిలబడిన పేర్లు చివరికి కొద్దే: బేసల్ వైపు ఫాక్స్‌సీ1, సాక్స్10, బీసీఎల్11ఏ, లూమినల్ వైపు ఈఎస్‌ఆర్1, ఫాక్స్‌ఏ1, గాటా3, ఎస్‌పీడెఫ్. ఎన్ఎఫ్ఐబీ బేసల్ వైపే ఉంది కానీ ఒక సేకరణలో బలంగా, మరోదాంట్లో బలహీనంగా వచ్చింది. దాన్ని వదలకుండా విడిగా రాసి పెట్టుకున్నాం.

ఈ జాబితాను మా పాథాలజిస్ట్‌కు చూపించాను. “సాక్స్10, గాటా3 నేను రోజూ స్లైడ్ మీద చూసేవే కదండీ,” అన్నారావిడ. నిజమే. క్యాన్సర్ మరో అవయవంలో కనిపించినప్పుడు అది రొమ్ము నుంచి వచ్చిందా అని తేల్చడానికి గాటా3 స్టెయిన్ వేస్తారు. ట్రిపుల్ నెగటివ్ కేసుల్లో గాటా3 తరచూ బలహీనపడుతుంది. అప్పుడు సాక్స్10 సాయపడుతుంది. వేల జన్యువుల లెక్కలోంచి వచ్చిన పేరు ల్యాబ్ షెల్ఫ్ మీద యాంటీబాడీగా అప్పటికే ఉండటం నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు

నెట్‌వర్క్ నుంచి మొదలై బెంచ్ దాకా వెళ్లిన పని రొమ్ము క్యాన్సర్‌లో ఒకటుంది. మా డిజైన్ చాలావరకు దాని నుంచి నేర్చుకున్నదే. 2007లో జీనోమ్ అంతటా చేసిన అధ్యయనాలు, ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువు రెండో ఇంట్రాన్‌లోని తేడాలకు రొమ్ము క్యాన్సర్ ముప్పుతో సంబంధం ఉందని చూపించాయి. సంబంధం ఉంది సరే, దారి ఏమిటి? కేంబ్రిడ్జ్‌లో బ్రూస్ పాండర్, కెర్‌స్టిన్ మేయర్, ఫ్లోరియన్ మార్కోవెట్జ్, మౌరో కాస్ట్రో తదితరులు ల్యాబ్‌లో పెంచే ఎమ్‌సీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 సిగ్నల్‌ను రెచ్చగొట్టి, మారిన జన్యువుల జాబితా తీశారు. మెటాబ్రిక్ నుంచి కట్టిన నెట్‌వర్క్‌లో ఆ జాబితా ఏ రెగ్యులాన్లలో పడుతుందో వెతికారు. 2013లో ఐదు పేర్లు ప్రకటించారు: ఎస్‌పీడెఫ్, ఈఎస్‌ఆర్1, ఫాక్స్‌ఏ1, గాటా3, పీటీటీజీ1. ఆ పని కోసం రాసిన ఆర్‌టీఎన్ ప్యాకేజీ ఇప్పటికీ బయోకండక్టర్‌లో ఉచితంగా దొరుకుతుంది.

2016లో వాళ్లు ప్రశ్నను పెంచారు. రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడ్డాయని అప్పటికి తెలిసిన డీఎన్ఏ స్థానాలన్నీ ఏ ఫ్యాక్టర్ల రెగ్యులాన్లలో గుమిగూడుతున్నాయి? 36 ఫ్యాక్టర్లు వచ్చాయి. అవి రెండు గుంపులుగా విడిపోయాయి, ఒక గుంపు పెంచేదాన్ని రెండో గుంపు తగ్గిస్తోంది. ఒక గుంపు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ వైపు, మరోటి బేసల్ వైపు. తర్వాత బేసల్ వైపు గుంపు నుంచి ఎన్ఎఫ్ఐబీ, వైబీఎక్స్1 తీసుకుని ల్యాబ్‌లో పరీక్షించారు. ఆ రెండూ ఈఎస్‌ఆర్1, ఫాక్స్‌ఏ1 జట్టును పట్టుకుని ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పనిని అణుస్తాయని తేలింది. 2018లో అది ప్రచురితమైంది. కంప్యూటర్‌లో వ్యతిరేక గుర్తుతో కనిపించిన గీతకు కణంలో ఒక ప్రోటీన్ మరో ప్రోటీన్‌ను పట్టుకోవడం అనే అర్థం దొరికింది. ఎన్ఎఫ్ఐబీని మేము వదలకపోవడానికి కారణం ఇదే.

నెట్‌వర్క్ చెప్పలేనిది

ఫాక్స్‌సీ1, సాక్స్10 బేసల్ కణితుల గుర్తులు అన్నంతవరకు నాకు సందేహం లేదు. అవి కణితికి అవసరమా అన్నది వేరే ప్రశ్న. బ్రాకా1 లోపంతో వచ్చే బేసల్ కణితులు రొమ్ములోని లూమినల్ ప్రొజెనిటర్ కణాల (లూమినల్ కణాలకు ముందు దశ కణాల) నుంచి మొదలవుతాయని 2009, 2010 నాటి పనులు సూచించాయి. సాక్స్10 మామూలు రొమ్ములోని మయోఎపిథీలియల్ కణాల్లోనూ ఉంటుంది. కణితి తన పుట్టుక గుర్తును మోస్తూ ఉండవచ్చు. ఆ గుర్తు లేకపోయినా అది బతకవచ్చు. వంశ లక్షణానికీ అవసరానికీ తేడాను ఏ సంబంధాల లెక్కా విడదీయలేదు, ఎంత పెద్ద సేకరణ తెచ్చినా సరే. జన్యువును ఆపి చూడాల్సిందే.

బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ నడిపే డెప్‌మ్యాప్‌లో జన్యువును కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఒక్కో జన్యువును తీసేసి కణశ్రేణి (ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాలు) బతుకుతుందా లేదా అని కొలిచిన డేటా ఉంది. లూమినల్ కణశ్రేణుల్లో ఈఎస్‌ఆర్1, ఫాక్స్‌ఏ1, గాటా3 తీసేస్తే ఎదుగుదల దెబ్బతింటుంది, బేసల్ కణశ్రేణుల్లో అలా కాదు. అక్కడ నియంత్రకం, అవసరం రెండూ ఒకటే అయ్యాయి. బేసల్ వైపు పేర్లకు ఇంత శుభ్రమైన చిత్రం లేదు. ప్లాస్టిక్ డిష్‌లో కొన్ని రోజుల ఎదుగుదలను కొలిచే పరీక్ష, కణం తన రకాన్ని మార్చుకోవడాన్ని చూడలేదు. అందుకే ల్యాబ్‌లో ప్రయోగాలు చేసే బెంచ్ టీమ్‌కు మేము ఇచ్చిన ప్రణాళికలో కణాలు చనిపోయాయా అన్నది రెండో కొలత. మొదటిది, ఫ్యాక్టర్‌ను ఆపాక దాని రెగ్యులాన్ మేము చెప్పిన దిక్కుకే కదిలిందా అన్నది. అంటే ఆపిన తర్వాత ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ చేయాలి, లూమినల్ వైపు జన్యువులు ఏమైనా లేస్తున్నాయా అని చూడాలి.

కణశ్రేణి ఎంపిక గురించి గట్టిగా పట్టుబట్టాను. ట్రిపుల్ నెగటివ్ అనగానే అందరూ ఎమ్‌డీఏ-ఎమ్‌బీ-231 తీస్తారు. అది తేలిగ్గా పెరుగుతుంది, ప్రతి ల్యాబ్‌లో ఉంటుంది. కానీ దాని స్వభావం మెసెంకైమల్ (బంధన కణజాల కణాలను పోలిన) వైపు, మా బేసల్ రెగ్యులాన్లకు అది సరైన చోటు కాదు. కణశ్రేణుల జన్యు వ్యక్తీకరణ మీద ముందు వైపర్ నడిపి, ఫాక్స్‌సీ1, సాక్స్10 చురుకుదనం ఎక్కువగా ఉన్నవే ఎంచాలని రాశాం. ఎమ్‌డీఏ-ఎమ్‌బీ-231ను పోల్చి చూడటానికి మాత్రమే ఉంచాం. అక్కడ ఫ్యాక్టర్‌ను ఆపినా రెగ్యులాన్ కదలకూడదు. కదిలితే ఆపడానికి మనం వాడిన పదార్థం ఇంకేదో జన్యువును కూడా తాకుతోందని అనుమానించాలి.

టీసీజీఏ, మెటాబ్రిక్ రెండింటిలోనూ ఎక్కువ భాగం యూరోపియన్ మూలాలున్న మహిళలు. ప్రశ్న అడిగిన ఆంకాలజిస్ట్ రోగులు తెలుగువాళ్లు. అంతమంది మన రోగుల డేటా చేతికి వచ్చేదాకా మన సొంత నెట్‌వర్క్ కట్టలేం, దానికి వందల నమూనాలు కావాలి. కానీ ఇప్పటికే కట్టిన రెగ్యులాన్లు చేతిలో ఉంటే, ఒక్కో కొత్త కణితిలో వాటి చురుకుదనం కొలవడానికి కొద్ది నమూనాలు చాలు. మనకు ఇవాళ అందుబాటులో ఉన్న మార్గం అదే. ఎథిక్స్ కమిటీ అనుమతితో, పాథాలజీ విభాగంలో నిల్వ ఉన్న ట్రిపుల్ నెగటివ్ బ్లాకుల నుంచి ఆర్ఎన్ఏ తీయాలని ప్రతిపాదించాం. ఫార్మలిన్‌లో ఉంచిన కణజాలంలో ఆర్ఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది. ఒక్కో జన్యువు కొలత నమ్మదగ్గది కాకపోయినా, పదుల జన్యువులున్న రెగ్యులాన్ స్కోరు అంత తేలిగ్గా చెదరదు. అదే బ్లాకుల నుంచి సాక్స్10, గాటా3 స్లైడ్లు కూడా వేసి, స్కోరుతో పక్కపక్కన పెట్టి చూస్తాం. ఫాక్స్‌సీ1, సాక్స్10 రెగ్యులాన్లు మన కణితుల్లోనూ చురుగ్గా ఉంటే బెంచ్ పనిలో వాటికి మొదటి స్థానం. లేకపోతే బీసీఎల్11ఏ, ఎన్ఎఫ్ఐబీల వైపు వెళతాం.